పుస్తకాల పెట్టె: మీ ఇంట్లో బాగా నలిగిన పుస్తకం ఏది?

పోయిన నెల ఈ పేజీలో ఒక ప్రశ్న అడిగాను. మీ ఇంట్లో బాగా నలిగిన పుస్తకం ఏది, దాని మీద మీ అభిప్రాయం ఏమిటి అని. పోస్టుకార్డులూ కవర్లూ ఒక సంచీడు వచ్చాయి. వాట్సాప్ ఫొటోలైతే మా అమ్మాయి "నీ ఫోన్ ఇక మొయ్యలేదే అమ్మా" అనేటన్ని. అభిప్రాయం అడిగితే సగంమంది తిరిగి నన్నే ప్రశ్నలు అడిగారు. మంచిదే, ఈ నెలకి పేజీ నిండింది.

గ్రంథాలయం కౌంటర్ వెనక 31 ఏళ్ళు కూర్చున్నదాన్ని. పుస్తకం ఎలా ఉందండీ అంటే అందరూ "బాగుందండీ" అనే అంటారు. ఆ మాట నేనెప్పుడూ పట్టించుకోలేదు. తిరిగొచ్చిన పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంటే అసలు సంగతి తెలిసిపోయేది. భక్తి పుస్తకం గడువుకి రెండు రోజుల ముందే వచ్చేది, ఫైన్ పైవాడు వేస్తాడన్న భయం కాబోలు. మధ్యలో ఎండిన పూరేకు, అట్ట అంచుకి పసుపు. వంటలు, కుట్లు, గృహవైద్యం లాంటివి గడువు దాటాక వచ్చేవి, కావలసిన పేజీ బ్లేడుతో కోసుకున్నాక. హాస్యం పుస్తకాలు అసలు వచ్చేవే కావు.

ఇక ఉత్తరాలు.

అక్కయ్యగారూ, మా అత్తగారికి 78 ఏళ్ళు. రోజూ సుందరకాండ పారాయణ చేస్తారు. తెలుగు లిపిలో ఉన్న సంస్కృత శ్లోకాలే చదువుతారు, కింద తాత్పర్యం ఉన్నా చూడరు. "అర్థం తెలియకుండా చదివితే ఏం లాభం నానమ్మా" అని మా అబ్బాయి రోజూ ఆవిడతో వాదన. పుస్తకం కుట్లు ఊడిపోయిందని పెద్దక్షరాలది కొనిస్తే పీట మీద పెట్టి దణ్ణం పెట్టుకున్నారు తప్ప తెరవలేదు. ఏం చేయమంటారు? – ఒక కోడలు, ఒంగోలు

తల్లీ, మా అమ్మదీ ఇదే కథ. వాల్మీకి సుందరకాండలో 68 సర్గలు. మొదటి సర్గ, హనుమంతుడు సముద్రం దాటేది, అదొక్కటే రెండు వందల శ్లోకాల పైచిలుకు. అది చదివే రోజు అమ్మ పొద్దున్నే వంట ముగించేసేది. నాకు ఇరవై ఏళ్ళప్పుడు, మీ అబ్బాయిలాగే తెలివి ముదిరినప్పుడు, సగంలో కాఫీ తెచ్చి ముందు పెట్టి, "తాగి చదువు, నీకెలాగూ అర్థం కాదుగా" అన్నాను. అమ్మ పుస్తకం మీంచి తల ఎత్తకుండా, "సముద్రంలోంచి మైనాక పర్వతం లేచి వచ్చి కాసేపు కూర్చోవయ్యా అంటేనే ఆయన ఆగలేదు, నీ కాఫీకి నేను ఆగుతానా" అంది. కాఫీ చల్లారిపోయింది. ఆ తర్వాత అర్థం సంగతి నేను మళ్ళీ ఎత్తలేదు.

కొత్త పుస్తకం ఎందుకు తెరవలేదంటారా? పాతదాంట్లో ఏ ఘట్టం ఎడమ పేజీలో ఉందో, ఏది కుడి పేజీ అడుగున ఉందో ఆవిడ బొటనవేలికి తెలుసు. కొత్తదాంట్లో అన్నీ ఇళ్ళు మారాయి. కాబట్టి పాతదాన్నే బైండింగ్ చేయించండి. జిగురు పెట్టి అతికించేది వద్దు, ఏడాది తిరక్కుండా రేకులు రాలినట్టు రాలుతుంది. దారం కుట్టు వేయమనండి. ముఖ్యంగా మూడు వైపులా అంచులు కత్తిరించొద్దని గట్టిగా చెప్పండి. బైండరుకి కత్తెర మిషన్ చూస్తే చెయ్యి ఊరుకోదు, రెండోసారి బైండ్ చేసేటప్పటికి శ్లోకం చివరి అక్షరాలు ఎగిరిపోతాయి. ఒక భూతద్దం కొనివ్వండి. శుక్లాలు పరీక్ష చేయించి ఎన్నాళ్ళయిందో కూడా చూడండి.

మీ అబ్బాయికి చిన్న పని. వాదన మానేసి, రోజుకో సర్గ తాత్పర్యం నానమ్మ పక్కన కూర్చుని పైకి చదవమనండి. అర్థం ఎవరికి తెలియదో రెండు వారాల్లో తేలిపోతుంది.

మేడమ్, మాది పొన్నూరు దగ్గర పల్లె. మా ఇంట్లో నలిగిన పుస్తకం మా నాయనమ్మ బైబిల్. దాని మొదటి అట్ట లోపల ఇంట్లో పుట్టినవాళ్ళ, పోయినవాళ్ళ తేదీలన్నీ ఆమె చేతిరాతతో ఉన్నాయి. నా పుట్టినరోజు అందులో ఆగస్టు 19. స్కూలు సర్టిఫికెట్లో జూన్ 1. ఏది నమ్మాలి? – ఒక టీచరు

నాయనా, మన రెండు రాష్ట్రాల్లో జూన్ 1న పుట్టినవాళ్ళని లెక్కపెడితే ఆ ఒక్కరోజు మంత్రసానులకి ఊపిరాడి ఉండదు. బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టర్లు వేసిన పుట్టుకలవి. పెన్షన్‌కి సర్టిఫికెట్, పాయసానికి బైబిల్.

మీరు ఉత్తరం చివర ఇంకో మాట రాశారు, కొత్తగా వచ్చిన తేలిక తెలుగు అనువాదం మీకు బాగా అర్థమవుతోందనీ, మీ అమ్మగారికి మాత్రం "ప్రార్థనలా లేదు, పేపరు చదివినట్టుంది" అనిపిస్తోందనీ. ఒంగోలు అత్తగారి ఉత్తరం మళ్ళీ చదవండి. మీ అమ్మగారికీ ఆవిడకీ పరిచయం చేస్తే గంటలు గంటలు మాట్లాడుకుంటారు. అట్ట లోపలి ఆ పేజీని మాత్రం ఈ వారమే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. పాత సిరా వెలిసిపోతుంది.

ఆంటీ, నేను డల్లాస్‌లో ఉంటాను. అమ్మ పోయాక తన వంటల పుస్తకం నాతో తెచ్చుకున్నాను. అట్ట లేదు, ఎవరు రాశారో తెలీదు. ఆవకాయకి అందులో "ముక్కలు ఒక కుంచం, ఆవపిండి మానిక, కారం మానిక, ఉప్పు తగినంత" అని ఉంది. గూగుల్లో వెతికి లెక్కలు వేసి పెట్టాను. ఉప్పు కషాయం అయింది. పుస్తకం మీద కోపం, అమ్మ మీద కోపం, అన్నీ వచ్చాయి. – ఒక కూతురు

నీ ఉత్తరంతో పాటు పంపిన ఫొటో చూశానమ్మా. ఆవకాయ పేజీ నూనెకి అద్దంలా అయిపోయింది, వెనకవైపు గోంగూర పచ్చడి కూడా కనిపిస్తోంది. అంతకన్నా మంచి సమీక్ష ఏ పత్రికలోనూ రాదు.

ముందు లెక్క. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఇవి తూకాలు కావు, కొలతలు. కిలోల్లోకి మార్చావు చూడు, అక్కడే తప్పింది. మానిక ఆవపిండీ మానిక ఉప్పూ ఒకే బరువు తూగవు. అదే వీశె అని ఉంటే అది తూకం, 120 తులాలు, అంటే 1,400 గ్రాములు కాస్త అటూ ఇటూ. మీ అమ్మ పుస్తకం కిలోలు రాకముందుదో, వచ్చినా వాటిని లెక్కచెయ్యని ఆవిడ రాసిందో అయ్యుంటుంది.

కాబట్టి నీకు కుంచం అక్కర్లేదు. ఒక గిన్నె తీసుకో, ఏదైనా సరే. ఆ గిన్నెతో ముక్కలు నాలుగు, ఆవపిండి ఒకటి, కారం ఒకటి. పుస్తకం చెప్పిందీ అదే, కుంచానికి నాలుగు మానికలు కదా. పప్పునూనె, అంటే నువ్వుల నూనె, ముందు ఒక గిన్నె పోసి మూడోనాడు చూసి మళ్ళీ పోసుకోవచ్చు.

ఇక ఉప్పు. ఆ రోజుల్లో ఉప్పంటే కల్లుప్పు. ఎండబెట్టి, రోట్లో దంచి, గరుగ్గా ఉండగానే కొలిచేవాళ్ళు. గిన్నెలో ఆ రవ్వల మధ్య బోలెడు సందు ఉంటుంది. నువ్వు వాడింది డబ్బాలో ఇసకలా జారే మెత్తటి ఉప్పు. అది సందు లేకుండా కూరుకుంటుంది. గిన్నె అదే, లోపల పడే ఉప్పు మాత్రం ఎక్కువ. ఈసారి మెత్తటి ఉప్పే వాడితే ముప్పావు గిన్నెకి కాస్త తక్కువ వెయ్యి. మిగతాది పక్కన పెట్టుకో. మూడోనాడు జాడీ తీసి తిరగకలిపేటప్పుడు ఊట నాలిక మీద వేసుకుని చూసి, చాలకపోతే అప్పుడు కలుపు. "తగినంత" అన్నమాట ఆ మూడోనాటిది. పుస్తకం రాసినావిడ అది వేరే చెప్పాలని అనుకోలేదు, పక్కన అత్తో అమ్మో ఉంటుందిలే అనుకుంది.

ముక్కలకి తడి లేకుండా తుడుచుకో. జాడీలో తడి గరిటె పెట్టకు.

పాఠకులందరికీ ఒక పాత దొంగతనం చెప్పాలి ఇక్కడ. మా లైబ్రరీలో ఏటా మే నెలలో వంటల పుస్తకాల్లో ఆవకాయ పేజీ మాయమయ్యేది. గుత్తివంకాయ జోలికి ఎవరూ పోరు, ఆవకాయే. మూడేళ్ళు చూసి చూసి, చివరికి నేనే చేత్తో పెద్దక్షరాలతో రాసి నోటీసు బోర్డుకి గుండుసూదులతో గుచ్చాను, ఇక పుస్తకం కొయ్యకండి తల్లీ అని. వారంలో ఆ కాగితం కూడా పోయింది. సూదులతో సహా.

మేడమ్, నేను కూకట్‌పల్లిలో హాస్టల్లో ఉండి జాబ్ వెతుక్కుంటున్నాను. వ్యక్తిత్వ వికాసం, డబ్బు సంపాదన మీద 11 పుస్తకాలు కొన్నాను. చదువుతున్నప్పుడు ఒళ్ళు పులకరిస్తుంది, పొద్దున లేచేసరికి మామూలే. లోపం నాలోనా, పుస్తకంలోనా? – పేరు వద్దు

పన్నెండోది కొనకు నాయనా, ముందు అది.

మా దగ్గరికి ఒకతను టైలరింగ్ పుస్తకం కోసం వచ్చేవాడు. చదువు ఐదో క్లాసు. జాకెట్టు కటింగ్ బొమ్మలున్న పుస్తకం ఒక్కటే, మళ్ళీ మళ్ళీ రెన్యువల్ చేయించుకునేవాడు. అది తిరిగొచ్చినప్పుడు పేజీల నిండా సుద్ద పొడి, ఒక పేజీకి సూది గుచ్చిన చుక్కల వరస. బొమ్మ మీదనే కాగితం పెట్టి గుచ్చి నమూనా తీసుకున్నాడన్నమాట. నిజానికి ఫైన్ వెయ్యాలి. వెయ్యలేదు. ఆరునెలల తర్వాత నా జాకెట్టు అతనే కుట్టాడు, భుజం దగ్గర కాస్త బిగుతు, కానీ కుట్టాడు.

నీ 11 పుస్తకాల్లో ఏదైనా ఒకటి తెరిచి, చేత్తో చెయ్యమని చెప్పిన పని ఒక్కటైనా ఉందేమో చూడు. ఉంటే అది పొద్దున్నే చెయ్యి. లేకపోతే అవి పనికొచ్చే పుస్తకాల బీరువాలో పెట్టాల్సినవి కావు, భక్తి బీరువాలోవి. పులకరింతకి చదివేవి. తప్పు లేదు, కాకపోతే అత్తగారి సుందరకాండ ఒక్క పుస్తకంతో సరిపోయింది, నీకు పదకొండు పట్టాయి.

అమ్మా, నాకు 71. రాజమండ్రి. మా ఇంట్లో నలిగినది బారిస్టర్ పార్వతీశం. నా ప్రాణం అది. ఎనిమిదో తరగతి చదివే మనవడికిస్తే రెండు పేజీలు చదివి "ఇందులో జోక్ ఎక్కడుంది తాతా" అన్నాడు. మా ఆవిడేమో "ఈ వయసులో ఆ కాలక్షేపం పుస్తకాలేమిటి, నాలుగు మంచి ముక్కలు చదువుకోండి" అంటుంది. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను, పుస్తకం కాదు. – రిటైర్డ్ రైల్వే ఉద్యోగి

అన్నయ్యగారూ, మీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వుకున్నాను, అందుకే పెద్ద జవాబు.

మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ఆ పుస్తకం తొలిభాగం వచ్చింది 1924లో. నూరేళ్ళు దాటిపోయింది. మొగల్తూరు కుర్రాడికి ఇంగ్లండు ప్రయాణం కాదు, అసలు ఊరు దాటడమే పెద్ద సంగతి. మీ మనవడు పాకడం నేర్చుకోకముందే విమానం ఎక్కి ఉంటాడు. వాడికి తెలియనితనం అంటేనే తెలియదు, ఏది తెలియకపోయినా ఫోన్లో చూసేస్తాడు. అందుకని వాడి చేతికి పుస్తకం ఇవ్వకండి. మీరు పైకి చదవండి, గొంతు మార్చి. పార్వతీశం ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని దర్జాగా పెట్టుకునే చోటు నుంచి మొదలుపెట్టండి. అది అయ్యాక మీ సొంత కథ ఒకటి చెప్పండి. మాల్‌లో కదిలే మెట్లు మొదటిసారి ఎక్కినప్పుడు నేను చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో, ముందున్న ఎవరో పెద్దమనిషి చొక్కా ఇంకో చేత్తో పట్టుకున్నాను. పైకి వెళ్ళాక ఆయన వెనక్కి తిరిగి "వదులుతారా అమ్మా" అన్నాడు. మా మనవరాలు ఇప్పటికీ అడిగి చెప్పించుకుంటుంది. ఆ తర్వాతే నేను దానికి పార్వతీశాన్ని పరిచయం చేశాను. పడిపడి నవ్వింది. ముళ్ళపూడి వారి బుడుగు అయితే బాపు బొమ్మలతో పిల్లల్ని తనే పిలుచుకుంటాడు, మన సిఫార్సు అక్కర్లేదు.

ఇక మా వదినగారికి. కాలక్షేపం అని చులకనగా అన్నారు. శ్రీరామనవమి పందిళ్ళ దగ్గర కరపత్రం మీద ఏమని వేస్తారమ్మా? "హరికథా కాలక్షేపం" అనేగా. దాసుగారు రుక్మిణీ కల్యాణం చెబుతూ మధ్యలో పిట్టకథలు ఎన్ని వేసేవారు, జనం ఎంత నవ్వేవారు. ఇంటికొచ్చాక రుక్మిణి రాసిన ఉత్తరం మర్చిపోయినా, పిట్టకథ మాత్రం మర్చిపోరు.

మా రీడింగ్ హాల్లో "నిశ్శబ్దం పాటించండి" బోర్డు కిందనే ఒక పెన్షనరుగారు కూర్చునేవారు. మనిషి మహా గంభీరం, పేపరు తిప్పినా చప్పుడయ్యేది కాదు. ఒకనాడు సాయంత్రం మునిమాణిక్యం వారి కాంతం కథలు తీసుకున్నారు. కాసేపటికి భుజాలు కదలడం మొదలైంది. తర్వాత చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నారు. ఆ పైన ఇక ఆగలేదు, బల్ల మీద తలపెట్టి నవ్వారు. ఏం చదివారో ఎవరికీ తెలియదు, అయినా హాలు హాలంతా నవ్వింది. పోటీ పరీక్షలకి చదువుకునే కుర్రాళ్ళు కూడా. నేను లేచి వెళ్ళి ఆయన్ని మందలించాలి, ఉద్యోగధర్మం. అవతలి గదిలోకి వెళ్ళి నవ్వుకుని వచ్చాను. వారం తర్వాత ఆయన ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళారు. భార్య జబ్బుతో మంచంలో ఉందనీ, చదివి వినిపిస్తాననీ అన్నారు. అది తిరిగి రాలేదు. నేనూ అడగలేదు.

పార్వతీశమైతే నా హయాంలో ఐదుసార్లు కొన్నాను. కొన్న పుస్తకాలు రాసిపెట్టే అక్సెషన్ రిజిస్టర్లో ఐదు చోట్లా ఎర్రసిరాతో "పోయినది" అని నా రాతే.

అమ్మగారూ, అద్దె ఇల్లు మారుతున్నాం. చిరిగిన వ్రతకథల పుస్తకాలు, పాత పంచాంగాలు, దేవుళ్ళ బొమ్మలున్న శుభలేఖలు రెండు అట్టపెట్టెలు ఉన్నాయి. పారేయాలంటే భయం, ఉంచుకోవాలంటే చోటు లేదు. కృష్ణలో కలపమంటున్నారు. – విజయవాడ

కృష్ణలో వద్దమ్మా. బ్యారేజీ దగ్గర ఎప్పుడైనా నీళ్ళు తగ్గినప్పుడు చూడండి, లామినేషన్ చేసిన దేవుళ్ళందరూ బురదలో ఉంటారు. రావిచెట్టు మొదట్లో పెట్టి వెళ్ళిపోవడమూ అంతే, చెత్త ఎత్తే అమ్మాయి మీద మన పాపభయం వేసి తప్పుకోవడం.

చదవడానికి పనికొచ్చేవి తీసి గుళ్ళోనో, వృద్ధాశ్రమంలోనో అడిగి ఇవ్వండి. అడిగి మరీ. లైబ్రరీలకి కూడా చిరిగినవి దానం చెయ్యకండి, మేం అట్టపెట్టెలు చూసి మొహమాటపడి తీసుకున్నవి చాలా ఉన్నాయి. బాగా శిథిలమైపోయినవి మట్టిలో కలపొచ్చు. ముస్లింలు పాడైపోయిన ఖురాన్ ప్రతులను శుభ్రమైన గుడ్డలో చుట్టి, నలుగురూ తొక్కని చోట పాతిపెడతారు. ఆ మర్యాద నాకు నచ్చి, మా అమ్మ సుందరకాండ చివరికి చేత్తో ముట్టుకుంటే పొడి అయ్యే దశకి వచ్చాక, మా పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన అలాగే పెట్టాను. పురోహితుణ్ణి అడగలేదు. మీకు భయమైతే అడగండి.

పంచాంగాల్లో పిల్లలు పుట్టిన సంవత్సరాలవి ఉంచుకోండి. శుభలేఖలకి నా దగ్గర ఉపాయం లేదు, మా ఇంట్లోనూ ఒక పెట్టె ఉంది.

మేడమ్, పేరూ ఊరూ వేయొద్దు. మీరు పనిచేసిన లైబ్రరీలోనే 1998లో ఒక హాస్య కథల పుస్తకం తీసుకున్నాను. ట్రాన్స్‌ఫర్ గొడవలో ఇవ్వడం కుదర్లేదు. తర్వాత ఇవ్వబుద్ధి కాలేదు. మా ఇంట్లో నలిగిన పుస్తకం అదే, నలుగురు చదివారు. ఇప్పుడు మీ పేజీ చూశాక తప్పుచేసినట్టుంది. ఫైన్ ఎంత అవుతుంది?

రిటైరైపోయాను కాబట్టి ఫైన్ వేసే అధికారం నాకు లేదు. లెక్క కడితే పుస్తకం ఖరీదు కన్నా ఎన్నో రెట్లు అవుతుంది, ఆ రసీదు రాయడానికి వాళ్ళ దగ్గర పుస్తకం చాలదు. పొద్దున్నే పేపర్ల బల్ల దగ్గర రద్దీగా ఉండే సమయంలో వెళ్ళి, వారపత్రికల కింద పెట్టి వచ్చేయండి. ఎవరూ చూడరు. చూసినా వాళ్ళకి సంతోషమే.

ఇచ్చే ముందు ఒక్క సాయం. మధ్య పేజీల్లో ఎక్కడైనా గుండ్రంగా టీ గ్లాసు మచ్చ ఉందేమో చూసి నాకొక కార్డు ముక్క రాయండి. ఉంటే ఆ గ్లాసు నాదే.